టోపీ నీడ

నల్లగొండ
ఆదివారం

బిడ్డా సంధ్యా,

ఇక్కడ అందరం బాగున్నాం. మీ బాపుకు మోకాలి నొప్పి కాస్త తగ్గింది. మామిడికాయ తొక్కు పెట్టాను, ఈసారి కారం ఎక్కువే పడింది. నీ ఫోన్ రాక తొమ్మిది రోజులైంది. షికారు ఓడ దిగి మయామి చేరగానే డ్యూటీలో పడి ఉంటావు. నాకేం టెన్షన్ లేదు, మీ బాపే రోజూ అడుగుతున్నాడు.

ఓడ ఆగిన ప్యూర్టో రికో దీవిలోని శాన్ హువాన్ ఫోటోలు పెద్దవ్వకు చూపించాను. పాత దవాఖానాను బొమ్మల మ్యూజియం చేశారంటే, "మరి రోగులు ఎటు పోయిన్రు?" అంది. 2000లో తెరిచారటగా, నువ్వు పుట్టిన ఏడే. అక్కడి పాతకాలం చిత్రకారుడు కాంపెచే సంగతి రాశావు చూడు, అది మూడుసార్లు చదివాను. తండ్రి బానిసగా ఉండి, డబ్బు కట్టి తనను తానే విడిపించుకున్నాడా! ఆయన దగ్గర పని నేర్చిన కొడుకు గవర్నర్ల బొమ్మలు, బిషప్పుల బొమ్మలు గీశాడా! అంతటి బొమ్మల ముందు ఒక్క ఫోటో అయినా దిగలేదేం? తోటలో దిగిందే పంపావు. ఎండ మన వైశాఖం ఎండలాగే ఉంది. నీ కాళ్ల దగ్గర గడ్డి మీద ఒక నీడ పడింది. పొడుగ్గా ఉంది, తలకు టోపీ ఉంది. ఫోటో తీసినవాళ్లదే అయి ఉంటుంది. మన పానగల్లు గుడిలో ఛాయా సోమేశ్వరుడి మీద నీడ పొద్దంతా కదలదు, అది ఏ స్తంభానిదో తెలియక చూసినవాళ్లు తలలు పట్టుకుంటారు. ఊరికే గుర్తొచ్చింది.

అవునూ, ఓడ ఎవరి కోసమూ ఆగదన్నావు కదా, టైముకు ఎక్కావా? నీకు బొమ్మల ముందు నిలబడితే లోకం తెలియదు. నాలుగో తరగతిలో నాగార్జునకొండకు తీసుకుపోయాం. గంటన్నరలో రావాలని లాంచీ అతను మరీ మరీ చెప్పాడు. నువ్వు మ్యూజియంలో రాతి బుద్ధుడి ముందు చతికిలబడ్డావు. డ్యాం నీళ్లు రాకముందే లోయలో తవ్వి ఇవన్నీ కొండ మీదికి చేర్చారని మీ బాపు చెప్తే, "మరి ఆ ఊరి పిల్లలు ఎటు పోయిన్రు?" అని మొదలుపెట్టావు. అచ్చం పెద్దవ్వ పోలికే. అంతలో లాంచీ హారన్ కొట్టింది. మీ బాపు ఉరికి, ఒక కాలు లాంచీలో, ఒక కాలు మెట్టు మీద పెట్టి, "నా బిడ్డ వచ్చేదాకా కదలనియ్య" అని నిలబడ్డాడు. లాంచీ ఊగింది. ఎడమకాలి చెప్పు కృష్ణలో పడింది. దసరాకు కొన్న కొత్త చెప్పులు! రెండో దాన్ని పారెయ్యమంటే పారెయ్యలేదు, బస్సులో నల్లగొండ దాకా ఒళ్లో పెట్టుకొని వచ్చాడు. నువ్వేమో తాపీగా మెట్లు దిగి, "ఎందుకు ఉరికినవ్ బాపూ?" అన్నావు. ఆ సముద్రంలో ఓడను ఆపడానికి మీ బాపు లేడు కదా.

మిర్యాలగూడ పెళ్లిలో రమ చిన్నమ్మ, "సంధ్య ఓడ మీద ఎవరితో పోయింది?" అని అందరి ముందూ అడిగింది. ఆఫీసు ఆడపిల్లలు నలుగురని చెప్పాను. నువ్వు నాకు చెప్పింది అదే కదా. నిన్ను కట్టేసే కాలం కాదిది, నాకు తెలుసు. కానీ మనిషిని ఒక్క షికారులో చూసి నమ్మకు. ఇంట్లో పని చేస్తాడా, అమ్మతో ఎట్లా మాట్లాడతాడు, డబ్బు దగ్గర ఎట్లా ఉంటాడు, ఇవన్నీ చూడాలి. ఇది రాయొద్దనే అనుకున్నా. రాశాను, చదువుకో.

ఎండలో తిరిగితే మజ్జిగ తాగు. పాస్‌పోర్టు ఎక్కడ పెట్టావో చూసుకో. తలకు నూనె రాస్తున్నావా? ఫోటోలో జుట్టు గడ్డిలా ఉంది.

తొక్కు పార్సిల్ చేస్తున్నా. ఒక సీసా సరిపోతుందా, రెండు పంపాలా? ఆ టోపీకి కారం పడకపోతే ముందే చెప్పు, వేరేగా కలుపుతా.

మీ అమ్మ