క్లచ్ మార్చాక కారు స్టార్ట్ కాకపోతే బ్యాటరీ కొనమంటారా?

సంపాదకుడు గారికి,

రిపేరయ్యాక కారు స్టార్ట్ కాకపోతే మన షెడ్లలో మొదట వినపడే మాట 'బ్యాటరీ పోయింది సార్'. బ్యాటరీ మార్చినా పని జరక్కపోతే సెల్ఫ్ మోటారు (కీ తిప్పగానే ఇంజిన్‌ని తిప్పేది) అంటారు, అదీ కాదంటే ఈసీఎం (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటరు). నిన్నటిదాకా నడిచిన బండి మీ చెయ్యి పడ్డాకే ఎందుకు ఆగింది, ఏమేం విప్పారు, విప్పినవన్నీ బిగించారా అని అడిగితే మాత్రం మొహం మాడ్చుకుంటారు.

మా బావమరిది ఈమధ్య తన పాత పెట్రోలు కారుకి క్లచ్ ప్లేటు వేయించాడు. తెచ్చుకుందామని వెళ్తే కీ తిప్పగానే టక్ టక్‌మని చప్పుడే తప్ప ఇంజిన్ కదల్లేదు. హెడ్‌లైట్లు వెలుగుతున్నాయి, హారన్ గట్టిగా మోగుతోంది, మీటరు పెడితే బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తోంది, అంటే నిండుగా ఉన్నట్టే. అయినా కొత్త బ్యాటరీ తెచ్చి బిగించారు, ఏం మార్పు లేదు, ఇక సెల్ఫ్ మోటారు కూడా మార్చేద్దామన్నారు. చివరికి విజయవాడ ఆటోనగర్‌లో పనిచేసే తెలిసిన ఎలక్ట్రీషియన్ వచ్చి, జంపర్ కేబుల్ ఒక కొస బ్యాటరీ మైనస్‌కీ రెండో కొస ఇంజిన్‌కీ తగిలించి కీ తిప్పమన్నాడు. వెంటనే స్టార్టయింది! గేర్‌బాక్సు దించేటప్పుడు విప్పిన ఎర్త్ వైరు (ఇంజిన్‌ని బ్యాటరీ మైనస్‌తో కలిపేది) అలాగే వేలాడుతోంది.

ఇంజినూ గేర్‌బాక్సూ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటాయి కాబట్టి, సెల్ఫ్ తీసుకునే వంద, రెండొందల ఆంపియర్ల కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లాలంటే ఆ వైరే దారి. అది లేకపోతే క్లచ్ కేబులో యాక్సిలరేటర్ కేబులో పట్టుకుని వెళ్లబోతుంది, ఆ కేబుల్ వేడెక్కి కాలినా కాలుతుంది. లైట్లకి ఎర్త్ బాడీ నుంచి వస్తుంది కాబట్టి అవి మామూలుగానే వెలుగుతాయి, అక్కడే అందరూ బోల్తా పడేది.

కాబట్టి ముందు చూడాల్సింది ఏం పాడైందని కాదు, ఎక్కడ చెయ్యి పెట్టారని. సెల్ఫ్ బాగానే తిరుగుతూ ఇంజిన్ అందుకోకపోతే క్రాంక్ సెన్సర్‌కి (ఇంజిన్ తిరుగుతోందని కంప్యూటరుకి చెప్పేది) ప్లగ్గు పెట్టడం మర్చిపోయారేమో చూడాలి (చాలా బండ్లలో అది గేర్‌బాక్సు పక్కనే ఉంటుంది), సెల్ఫ్ కొడుతున్నప్పుడు స్కానర్‌లో ఆర్‌పీఎం సున్నా చూపిస్తే అనుమానం అక్కడికే పోవాలి. డీజిల్ ఫిల్టర్ మార్చాక ఆగితే లైన్లో గాలి చేరి ఉంటుంది. టైమింగ్ బెల్టు వేశాక స్టార్ట్ కాకపోతే మాత్రం దయచేసి సెల్ఫ్ మీద సెల్ఫ్ కొట్టకండి, బెల్టు వేసేటప్పుడు కలపాల్సిన గుర్తులు తప్పి ఉంటే కొన్ని ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకి తగిలి వంగిపోతాయి, అప్పుడు ఇంజిన్ హెడ్డు (పైభాగం) దించాల్సిందే.

మెకానిక్కులందరూ మోసగాళ్లని నేననడం లేదు. ఒక్కడే నాలుగు బండ్లు చూసుకునే చోట ఒక బోల్టు మర్చిపోవడం ఎవరికైనా జరుగుతుంది. దాన్ని కప్పిపుచ్చడానికి కస్టమర్ జేబు కోయడమే తప్పు. మావాడికి ఆ బ్యాటరీ డబ్బు ఇంకా తిరిగి రాలేదు. బండి ఇచ్చేటప్పుడే ఏం పని చేస్తారో జాబ్‌కార్డులో రాయించుకోండి, మార్చిన పాత సామాను అడిగి తీసుకోండి. తేడా వస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, 5 లక్షల లోపు వ్యవహారాలకి ఫిర్యాదు ఫీజు కూడా లేదు.

– ఒక పాఠకుడు, గుంటూరు