మెస్‌లో గొడవ గురించి అడగడం లేదు

చిన్నా,

ఒంట్లో బాగుందా? పర్లాకిమిడిలో చలి మొదలైంది, మీ బరంపురంలో అంత ఉండదులే, అయినా నీలం స్వెట్టర్ పైకి తీసి పెట్టుకో. పలాస పిన్ని పంపిన జీడిపప్పు గదిలో వాళ్లకీ పెట్టు. రామం మావయ్య మొన్న వచ్చి, నువ్వు మెస్‌లో ఎవరి మీదకో స్టూల్ విసిరావని అన్నాడు. ఆయన మాటలు నేనెప్పుడు నమ్మాను గనక!

మా బళ్లో ఎనిమిదో తరగతిలో ఒకడున్నాడు. వాళ్ల నాన్న సూరత్‌లో మరమగ్గాల పనికి వెళ్లాడు, దసరాకి వస్తానంటాడు, రాడు, సంక్రాంతికంటాడు, అప్పుడూ రాడు. రాని ప్రతిసారీ వీడు పక్కవాళ్ల నోట్సులు చింపడం, కొట్టడం. లెక్కల్లో సున్నా. టీసీ ఇచ్చి పంపేద్దామన్నారు మా పెద్దసారు. నేను ఆ తండ్రికి ఫోన్ చేసి, వస్తానని చెప్పకు బాబూ, ఆదివారం ఆరింటికి ఫోన్ చెయ్యి చాలు అన్నాను. చేశాడు, మానకుండా చేస్తున్నాడు. పిల్లాడు బుద్ధిమంతుడైపోయాడని కాదు, ఇప్పటికీ అరుస్తాడు, కానీ చెయ్యి లేచే ముందు బోరింగు దగ్గరికి పోయి మొహం కడుక్కొస్తున్నాడు. లెక్కలు పాసయ్యాడు.

ట్రైనింగులో చెప్పారు, అమెరికాలో వాల్టర్ మిషెల్ అనే ఆయన చిన్నపిల్లల ముందు మిఠాయి పెట్టి, కాసేపు ఆగితే రెండు ఇస్తామన్నాడట. ఆగినవాళ్లే తర్వాత బాగా చదివారని అందరూ చెప్పుకున్నారు. 2018లో 900 మందికి పైగా పిల్లల వివరాలతో మళ్లీ చూస్తే, ఇంటి పరిస్థితులు కూడా కలిపి లెక్కేసేసరికి ఆ తేడా చాలావరకు తగ్గిపోయింది. అంతకుముందు 2013లో వేరేవాళ్లు చూశారు, ఒకసారి మాట తప్పిన పెద్దమనిషి దగ్గర పిల్లలు సగటున 3 నిమిషాలే ఆగారు, మాట నిలబెట్టుకున్న మనిషి దగ్గర 12. అందుకే అల్లరి పిల్లలకి నిగ్రహం లేదని ఎవరైనా తేలిగ్గా అనేస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నీకు అలాంటి కష్టం ఏముంది నాన్నా? మరి ఆ స్టూల్ ఏమిటి? కూర బాగాలేకపోతే లేచి వచ్చెయ్యాలి, అక్కడే కూర్చుని వాదిస్తే కోపం ఎలా తగ్గుతుంది? రెండు బ్యాక్ పేపర్లు పెట్టుకుని సస్పెండ్ అయితే ఏడాది పోతుంది. తిట్టాలని కాదు. దసరా తర్వాత ఫోన్ లేదు, మెసేజ్ చూస్తావు, బదులివ్వవు.

వార్డెన్ గారు ఇంట్లోవాళ్లని రమ్మన్నారా? రమ్మంటే నాన్నకి కాదు, ముందు నాకు చెప్పు. శనివారం బడి అవగానే బస్సెక్కుతాను. పప్పుచారు పొడి తెస్తాను, ఇంకేం కావాలో రాయి.

అమ్మ