2025 వార్షిక నివేదిక: ఉగాది, బతుకమ్మ, ఈసారి కౌంటీ ఆఫీసు కూడా

మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం. ముందు మామూలు సంగతులు చెప్పేస్తా. ఉగాది బాగా జరిగింది, పచ్చడి ఎప్పట్లాగే సరిపోలేదు, వనభోజనాలకి పార్కు బుకింగ్ లేటయ్యి చాలా దూరం పోవాల్సొచ్చింది (తప్పు నాదే), బతుకమ్మకి తంగేడు దొరక్క బంతిపూలతోనే కానిచ్చాం, లెక్కలు ట్రెజరర్ గారు విడిగా పంపిస్తారు. ఇక ఈ ఏడాది ఎక్కువ టైము పెట్టిన పని గురించి రాస్తా.

పోయినసారి జనరల్ బాడీలో ఒకావిడ లేచి అడిగింది గుర్తుందా, "మావాడికి 26 నిండాయండీ, మా ఇన్సూరెన్సులోంచి తీసేశారు, ఉద్యోగం లేదు, గది తలుపు తియ్యడు, ఎవరికి ఫోన్ చెయ్యాలి" అని. హాల్లో ఇంతమంది ఇంజినీర్లం, డాక్టర్లం ఉన్నాం, ఒక్కళ్ళం నోరు మెదపలేదు. ఆవిడ సరేనన్నాకే ఇది రాస్తున్నా. ఆ రాత్రి కమిటీ వాళ్ళం కూర్చుని వెతికితే తేలిందేంటంటే, కాలిఫోర్నియాలో మెడి-కాల్ (తక్కువ ఆదాయం వాళ్ళకి ప్రభుత్వమిచ్చే ఇన్సూరెన్సు) ఉన్నవాళ్ళకి తీవ్రమైన మానసిక జబ్బులొస్తే చూసే బాధ్యత మన కౌంటీదే (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది), మత్తు అలవాట్లు కూడా వాళ్ళే చూస్తారు, అందుకే దాన్ని బిహేవియరల్ హెల్త్ అంటారు. 1957లో షార్ట్-డోయిల్ చట్టం వచ్చినప్పట్నుంచీ పద్ధతి ఇదేనట, రాష్ట్రం డబ్బుల్లో భాగం ఇస్తుంది, నడిపేది కౌంటీ. ఇన్నేళ్ళుగా ఇక్కడ ఇళ్ళు కొనుక్కుని ప్రాపర్టీ ట్యాక్సులు కడుతూ ఈ ఆఫీసు ఒకటుందని తెలీకుండా బతికేశాం.

ఇంతలో ఆ డిపార్ట్‌మెంట్ డైరెక్టర్ రిటైరయ్యారు. కొత్త డైరెక్టర్ని వేసేది కౌంటీని నడిపే ఎన్నికైన సూపర్వైజర్లే కానీ, ఓటు వెయ్యకముందు బిహేవియరల్ హెల్త్ బోర్డుని (ఆ డిపార్ట్‌మెంట్‌కి సలహాలిచ్చే స్థానికుల బోర్డు) ఎంపికలో కలుపుకోవాలని చట్టంలోనే ఉంది, ఆ బోర్డులో సగం మంది ఈ సేవలు వాడినవాళ్ళో వాళ్ళ ఇంటివాళ్ళో అయ్యుండాలి. అంటే బిడ్డ కోసం తిప్పలు పడిన తల్లికి అక్కడ కుర్చీ ఉందన్నమాట. మేం అడిగింది ఒక్కటే, ఇంటర్వ్యూలో భాషల గురించి ఒక ప్రశ్న పెట్టండి అని.

అది చెప్పడానికి బోర్డు మీటింగుకి వెళ్ళాం. మైకు దగ్గర మనిషికి రెండు నిమిషాలు, పక్కన పచ్చ, పసుపు, ఎరుపు లైట్లు. మన పెద్దావిడ ఒకరు తెలుగులోనే మాట్లాడతానన్నారు, ఫోన్లో ఇంటర్ప్రెటర్ని కలిపారు, అట్నుంచి "వణక్కం" అని వినపడింది! తెలుగు మనిషి దొరికేసరికి ఎర్ర లైటు వెలిగింది. వెనక కూర్చున్న స్పానిష్ ఆవిడ చెయ్యెత్తి, ఇంటర్ప్రెటర్ ఉంటే రెట్టింపు టైమివ్వాలి, బ్రౌన్ యాక్టులో (ప్రభుత్వ మీటింగులు జనం ముందే జరగాలనే రాష్ట్ర చట్టం) ఉంది అని గట్టిగా చెప్పింది, ఇచ్చారు. ఆ రూలు మాలో ఎవ్వరికీ తెలీదు. మెడి-కాల్ లో ఒక భాషవాళ్ళు కౌంటీలో 3,000 మందో 5 శాతమో ఉంటే కాగితాలు ఆ భాషలో ఇవ్వాలి, మన కౌంటీ లిస్టులో తెలుగు లేదు, కాకపోతే లిస్టులో లేకపోయినా ఇంటర్ప్రెటర్ని ఫ్రీగా ఇవ్వాల్సిందే, అడగండి.

డబ్బుల సంగతి కాస్త ఓపిగ్గా చదవండి. 2004లో ప్రాప్ 63 (ప్రాప్ అంటే రాష్ట్ర ఓటర్లు నేరుగా ఓటేసే ప్రతిపాదన) కింద మానసిక ఆరోగ్య సేవల కోసం పది లక్షల డాలర్లు దాటిన ఆదాయం మీద 1 శాతం ట్యాక్సు పెట్టారు, షేర్లు అమ్ముకున్న ఏడాది మనలో కొందరు కట్టే ఉంటారు. మార్కెట్ పైకెళ్తే కౌంటీకి డబ్బులు, పడితే కోత, కొత్త డైరెక్టర్ ఎంత మంచివాళ్ళయినా ముందు ఈ ఊగిసలాటని సర్దుకోవాలి. 2024 మార్చిలో ప్రాప్ 1 చాలా తక్కువ తేడాతో గెలిచింది, దాంతో 2026 జులై 1 నుంచి కౌంటీకి వచ్చే వాటాలో 30 శాతం ఇళ్ళకి, 35 శాతం బాగా జబ్బుగా ఉన్నవాళ్ళ పూర్తి సంరక్షణకి, మిగతా 35 మిగతా సేవలకి పెట్టాలి. రోడ్డు మీద పడుకునేవాళ్ళకి ఇల్లు కావాలి, దాన్ని కాదనం. కానీ ఇన్నాళ్ళూ సంఘాలు చేసుకునే చిన్న చిన్న అవగాహన కార్యక్రమాలకి దొరికే కౌంటీ డబ్బు ఇక దొరకడం కష్టం, ప్రజలందరి కోసం చేసే నివారణ పని రాష్ట్రం చేతికి పోతోంది. మనలాంటి వాళ్ళకి దెబ్బ అక్కడే అని నా అభిప్రాయం, కమిటీలో కొందరు ఒప్పుకోలేదు. ఇంకా బెడ్లెందుకు లేవంటారా, మానసిక వైద్యానికే ఉన్న ఆస్పత్రి 16 బెడ్లు దాటితే 21 నుంచి 64 ఏళ్ళ వాళ్ళకి మామూలుగా ఫెడరల్ మెడికెయిడ్ డబ్బు (మెడి-కాల్ ఖర్చులో కేంద్రం ఇచ్చే వాటా) రాదు, ఏ డైరెక్టరొచ్చినా ఆ గోడ అక్కడే ఉంటుంది.

ఇంట్లోవాళ్ళకి పనికొచ్చే ముక్క ఒకటి. పిల్లాడికి 18 దాటితే వాడు ఒప్పుకుంటే తప్ప ఆస్పత్రివాళ్ళు మామూలుగా మనకేం చెప్పరు, నిజమే, కానీ మనం వాళ్ళకి చెప్పొచ్చు. 5150 కింద (తనకో ఇతరులకో ప్రమాదమనిపిస్తే ఒప్పుకోకపోయినా ఆస్పత్రిలో పెట్టే చట్టం) 72 గంటల దాకా ఉంచినప్పుడు ఏబీ 1424 ఫామ్ అడిగి, ఏ మందు పడింది, ఏది పడలేదు, ఎప్పట్నుంచి ఇలా ఉన్నాడు అన్నీ రాసివ్వండి, ఇంటివాళ్ళు చెప్పింది లెక్కలోకి తీసుకోవాలని చట్టం. ఇండియా నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకి మామూలుగా మెడి-కాల్ ఉండదు, అయినా అర్జెంటయితే 988 కి (మానసిక సంక్షోభంలో ఉన్నవాళ్ళ కోసం దేశమంతా పనిచేసే హెల్ప్‌లైన్) ఎవరైనా చెయ్యొచ్చు, వీసా అడగరు.

ఆ ప్రశ్న అడిగినావిడ ఇప్పుడు బోర్డులో ఫ్యామిలీ సీటుకి అప్లికేషన్ పెట్టారు, సూపర్వైజర్ ఆఫీసు నుంచి ఇంకా కబురు లేదు. కౌంటీ ఈ డబ్బు ఎలా ఖర్చు పెడుతుందో చెప్పే మూడేళ్ళ ప్లాను డ్రాఫ్టు 2026 మార్చికల్లా రావాలి, తర్వాత 30 రోజులు అభిప్రాయాలు తీసుకుంటారు, ఆపైన పబ్లిక్ హియరింగ్. కార్‌పూల్ ఏర్పాటు చేస్తాం. డ్రాఫ్టు వచ్చిన రోజే వాట్సాప్ గ్రూపులో పెడతాం, దయచేసి ఆ మెసేజ్ కింద గుడ్ మార్నింగ్ పూలబొమ్మలు పెట్టకండి, కొట్టుకుపోతుంది.

ఇట్లు,
కార్యదర్శి