ఫోటోలో గడ్డి ఒక్కటే లేదు నాన్నా

ఇప్స్‌విచ్, ఇంగ్లండ్
ఏప్రిల్, ఆదివారం రాత్రి

నాన్నా,

మొన్న ఫోనులో పిట్టల మాట ఎత్తగానే "ఇదిగో మీ అమ్మతో మాట్లాడు" అని ఇచ్చేశావు. అందుకే రాస్తున్నాను. కాగితాన్ని మధ్యలో ఎవరి చేతికీ ఇవ్వలేవు కదా. అన్నయ్యని పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి ఇమ్మన్నాను. నేను పంపిన పిట్ట ఫోటో కూడా రంగుల్లోనే తీయించమన్నాను, పది రూపాయలకి వెనకాడొద్దని చెప్పు.

ముందు అమ్మకి. బాగున్నాను, తింటున్నాను. ఈ నెల నాలుగు నైట్ డ్యూటీలు పడ్డాయి, అయిపోయాయి కూడా. లెన్సుకి డబ్బులు పెట్టి టికెట్‌కి లేక సంక్రాంతికి ఎగ్గొట్టానని నువ్వు అనుకుంటున్నావట, వదిన చెప్పింది. సెలవు దొరకలేదమ్మా, అంతే. లెన్సు కొన్నది ఫిబ్రవరిలో. అదీ సెకండ్ హ్యాండ్. మన డబ్బుల్లో డెబ్బై వేలు. తిట్టేదేదో ఒకేసారి తిట్టేయ్. ఇక్కడ అందరూ సెలవుల్లో ఎక్కడెక్కడికో పోతారు, నేను బురద దగ్గరికి పోతున్నాను, దానికి ఖర్చు తక్కువ. ఆ భీమవరం సంబంధం సంగతి తర్వాత రాస్తాను.

నాన్నా, నేను వెళ్లే చోటు పేరు మిన్స్‌మియర్. సముద్రం పక్కనే, ఇక్కడి నుంచి గంట లోపు ప్రయాణం. మా వార్డులో చేసే మలయాళీ చేచ్చి కారులో దింపి, తను కారులోనే ముసుగు తన్ని పడుకుంటుంది. ఒకప్పుడు అదంతా పశువులు మేసే నేల. హిట్లర్ సైన్యం ఆ ఒడ్డున దిగుతుందేమోనని 1940లో నీళ్లు వదిలి ముంచేశారట. యుద్ధం అయిపోయేసరికి కిక్కిస గడ్డి పెరిగిపోయింది, పిట్టలు చేరిపోయాయి, ఇంక అలాగే ఉంచేశారు. మొదటిసారి ఆ గడ్డి చూసినప్పుడు ఆటపాక నుంచి తాతయ్య దోనెలో కొల్లేరులోకి తీసుకెళ్లిన దారే అనిపించింది. గాలికి అదే గలగల, అదే బురద వాసన. గుర్రపు డెక్క మాత్రం లేదు. చలి అంటావా, చెవులు ఉన్నాయో ఊడిపోయాయో తెలియదు.

కూర్చోవడానికి ఎత్తులో చెక్క గది ఉంటుంది, హైడ్ అంటారు. మన చేలో మంచె లాంటిదే, కాకపోతే మంచె ఎక్కేది పిట్టల్ని తోలడానికి, ఇక్కడ ఎక్కేది అవి పారిపోకుండా చూడటానికి. పొడవుగా సన్నటి కిటికీ, మోచేతులు ఆనించుకోవడానికి బల్ల, అందరూ గుళ్లో కన్నా నిశ్శబ్దంగా. అమ్మా, నేను బురదలోకి దిగను. గూడు దగ్గర నేను వెతికే పిట్టని కదిలిస్తే నేరం, 1981 నుంచి చట్టం ఉంది, దిగాలన్నా దిగనివ్వరు. పాములున్నాయా అంటే ఉన్నాయి. చలికాలమంతా నిద్రపోతాయి. ఇప్పుడు చలికాలమా అని అడగకు.

నేను వెతికే పిట్ట బిటర్న్. మన గుడ్డి కొంగకి పెద్దన్న అనుకో. గుడ్డి కొంగ గట్టు మీద మట్టి రంగులో కలిసిపోయి, కాలు వేయబోయేదాకా కదలక, లేచేసరికి తెల్లటి రెక్కలు విప్పి మనల్నే అదరగొడుతుంది చూడు, ఇదీ అలాంటి దొంగే, కానీ ఇది అంత సులువుగా లేవదు. కోడిపుంజుని మించిన పిట్ట, ఎండిన కిక్కిస రంగు, మెడ పొడవునా నిలువు చారలు. అలికిడైతే ముక్కు ఆకాశానికి ఎత్తి బిగుసుకుపోతుంది. గాలికి గడ్డి ఊగితే తనూ ఊగుతుంది. కళ్లు ముక్కు కిందుగా మన వైపే ఉంటాయి, అంటే తల ఎత్తి కూడా మనల్ని చూస్తూనే ఉంటుంది.

మూడు నెలల్లో పదకొండు సార్లు వెళ్లాను. వినడం అయితే మార్చి నుంచి వింటున్నాను. మగపిట్ట గొంతు ఉబ్బించి కూస్తుంది. ఖాళీ సోడా సీసా మూతి మీద పెదవి ఆనించి ఊదేవాడివి కదా, ఆ శబ్దాన్ని చెరువంత చెయ్యి. ముందు రెండు మూడు గుటకలు, తర్వాత గుమ్మ్... ఐదు కిలోమీటర్ల దాకా వినిపిస్తుందట. చెవికన్నా ముందు గుండెలో తెలుస్తుంది. ఒక్కో మగదాని గొంతు ఒక్కో తీరు, అందుకే వీళ్లు కంటికి దొరకని పిట్టని రికార్డు చేసి గొంతుల్ని బట్టి లెక్కపెడతారు. 1997లో దేశం మొత్తం మీద కూసే మగవి పదకొండే మిగిలాయి. కిక్కిస ఎండిపోయి, తినే మలుగు చేపలు తగ్గిపోయి. మళ్లీ లోతు తవ్వి, నీళ్లు నిలబెట్టి, పొదలు నరికి, ఇప్పుడు రెండొందలు దాటించారు. లేకెన్‌హీత్ అనే చోట క్యారెట్లు పండే పొలాలు కొని మడుగులు చేశారు.

కొన్నారు నాన్నా. అది చదివిన రోజు నువ్వే గుర్తొచ్చావు.

2006లో నేను ఆరో తరగతి. కొల్లేరుని పిట్టలకి వదలాలని పొక్లెయిన్లు మన చేపల చెరువు గట్లు తెగ్గొట్టిన రోజు నువ్వు తువ్వాలు నెత్తికి చుట్టుకుని నిలబడ్డావు, బొచ్చెలూ శీలావతులూ గండిలోంచి పోతుంటే కొంగలూ గూడబాతులూ బారులు తీరి తిన్నాయి. నువ్వు మట్టిబెడ్డ తీసి విసిరావు, అది వాటి దాకా పోనే లేదు. ఆ రోజు నుంచి మనింట్లో పిట్టల పేరెత్తితే మాట తెగిపోతుంది. నేను ఇక్కడ డెబ్బై వేలు పెట్టి వాటి ఫోటోలు తీస్తున్నానంటే నీకు ఎలా ఉంటుందో నాకు తెలుసు. గట్లు కొట్టినవాళ్ల తరఫున మాట్లాడటం లేదు నాన్నా. సరస్సు పూడిపోయిందన్నదీ నిజమే, మన అప్పు అన్నయ్య పెళ్లి దాకా తీరలేదన్నదీ నిజమే. నాకు ఈ ఊళ్లో మనూరి వాసన వచ్చే చోటు అదొక్కటే దొరికింది. అందుకే పోతున్నాను, వేరే ఏం లేదు.

సరే, ఫోటో సంగతి. మొన్న ఆదివారం తెల్లవారి ఆరున్నరకి నీళ్ల అంచున గడ్డి కదిలింది. కెమెరా దానంతటది ఫోకస్ చేస్తే ముందున్న పుల్ల దగ్గరే ఆగిపోతుంది, వెనక పిట్ట మసక. చేత్తో తిప్పుకోవాలి. నా వేళ్లు చలికి తిరగవు. అది మాత్రం ఒక్కో అడుగు ఆచి తూచి వేస్తూ, నేను సర్దుకునేలోపు ఇంకో పుల్ల చాటుకి పోతూ. అప్పుడు నా ఒళ్లో ఉన్న అమ్మ స్టీలు డబ్బా మూత జారి చెక్క మీద ఠంగుమంది. గదిలో ఆరుగురూ నా వైపు తిరిగారు, ఒకాయన చూపుకి పులిహోర గొంతులో అడ్డం పడింది. తల వంచుకుని మళ్లీ కెమెరాలో చూస్తే, ఆ చప్పుడుకే కాబోలు, అది ముక్కు పైకెత్తి బిగుసుకుపోయింది. నాలుగు నిమిషాలు కదల్లేదు. నెమ్మదిగా తిప్పుకుని తీసుకున్నాను. నన్ను కొరకొర చూసినాయన కూడా తీసుకున్నాడు, థాంక్స్ చెప్పలేదు.

నువ్వు వాట్సాప్‌లో చూసి "గడ్డి బాగుంది" అన్నావని వదిన నవ్వుతూ చెప్పింది. కళ్లజోడు పెట్టుకుని ఎడమ నుంచి రా. విరిగిన పుల్ల ఒకటి అడ్డంగా పడి ఉంటుంది. దాని పైన రెండు వేళ్ల ఎత్తులో పసుపు చుక్క ఉంది, అది కన్ను. అక్కడి నుంచి కిందికి చారలు పట్టుకుని వస్తే మెడ. దొరక్కపోతే బుడ్డోడిని అడుగు, వాడికి వెంటనే దొరికింది.

కూత కూడా పంపాను. ఫోనులో వినొద్దు, అంత లోతు శబ్దం ఫోనుకి పట్టదు. టీవీ పక్కన ఉన్న పెద్ద స్పీకర్‌లో పెట్టించుకో.

బీపీ మాత్ర మానొద్దు. అన్నయ్యకి చెప్పి ఆ కుడి కన్ను చూపించుకో, నా మాట విను.

మీ
చిన్నమ్మాయి

అమ్మా, డబ్బా మూత సొట్టపోయింది. కొత్తది పంపొద్దు, మూత పడుతోంది, ఇదే తీసుకెళ్తాను.