గస్తీ దళ వ్యవస్థాపకుడి కథలో మిగతా సగం కూడా అచ్చువేయండి

సంపాదకుల వారికి,

ఆర్యా,

న్యూయార్క్‌లో ‘గార్డియన్ ఏంజెల్స్’ అనే స్వచ్ఛంద గస్తీ దళాన్ని స్థాపించిన కర్టిస్ స్లీవా గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని మా కాలనీలో చదవనివారు లేరు. చదివి ఊరుకుని ఉంటే నాకు ఈ లేఖ రాయవలసిన అవసరం వచ్చేది కాదు. ఆ పుటను జిరాక్స్ తీయించి అపార్ట్‌మెంట్ల నోటీసు బోర్డులకు అంటించారు. తిరుపతికి ఇలాంటి వ్యక్తి ఒక్కడుంటే చాలునన్న మీ ముగింపు వాక్యం కింద ఎర్ర గీత గీసి, మా వైపు కొత్తగా మొదలైన రాత్రి గస్తీ బృందానికి దాన్నే అనుమతి పత్రంగా చూపిస్తున్నారు. మీ పత్రిక మాటకు ఈ ఊరిలో ఇంత విలువ ఉన్నప్పుడు, సగం కథ చెప్పి ఊరుకోవడం మీకు తగదు.

స్లీవా చేసిన పనిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. భూగర్భ రైళ్లలో రాత్రి ప్రయాణమంటే న్యూయార్క్ జనం హడలిపోతున్న 1979లో, బ్రాంక్స్‌లోని ఒక మెక్‌డొనాల్డ్స్ దుకాణంలో రాత్రి మేనేజరుగా పనిచేస్తున్న పాతికేళ్లు నిండని యువకుడు, చేతిలో ఆయుధమన్నది లేకుండా, నెత్తిన ఎర్ర టోపీతో, పదమూడు మంది దళాన్ని నిలబెట్టడం సాహసమే. అప్పటి మేయర్ ఎడ్ కాచ్ మొదట్లో వ్యతిరేకించినా స్లీవా వెనక్కి తగ్గలేదు. 1992లో టాక్సీలో ఆయనపై కాల్పులు జరిగితే చావు తప్పి బయటపడ్డారు. ఇవన్నీ మీరు రాశారు. అదే 1992లో, తొలి రోజుల్లో తమ దళం చేసినట్లు ప్రచారమైన సాహసకృత్యాలలో కొన్ని పేరు కోసం కల్పించినవేనని ఆయన స్వయంగా ఒప్పుకున్న సంగతిని మాత్రం రాయలేదు. 1981 డిసెంబరులో నెవార్క్ నగరంలో ఆ దళ సభ్యుడొకరు ఒక పోలీసు అధికారి తూటాకే బలైన సంగతీ రాయలేదు. 2024 ఫిబ్రవరిలో టైమ్స్ స్క్వేర్ దగ్గర, టీవీ ప్రత్యక్ష ప్రసారం నడుస్తుండగానే, దళ సభ్యులు ఒక మనిషిని పట్టుకుని కింద పడేస్తే, అతడు వలస వచ్చినవాడని స్లీవా ప్రకటించారు. అతడు అదే నగరంలోని బ్రాంక్స్ నివాసి అని పోలీసులు తరువాత తేల్చారు. నలభై అయిదేళ్ల అనుభవం ఉన్న వ్యవస్థాపకుడే, తన కళ్ల ముందున్న మనిషి ఊరివాడో బయటివాడో పోల్చుకోలేకపోయారు.

తిరుపతి వాసులు ఆలోచించవలసిన విషయం ఇదేనని నా అభిప్రాయం. రోజూ 60 వేలకు పైబడిన భక్తులు కొండకు వెళ్లి వచ్చే ఊరు మనది. గుండు చేయించుకున్నవారు, గది దొరకక విష్ణునివాసం ముందు, శ్రీనివాసం ముందు దుప్పటి పరచుకున్నవారు, తమిళమో కన్నడమో ఒడియానో తప్ప మరో భాష రానివారు, రుయాలోనో స్విమ్స్‌లోనో రోగిని ఉంచి మందుల కోసం అర్ధరాత్రి బయటికి వచ్చినవారు, భోజనం పార్శిళ్లు తెచ్చే కుర్రవాళ్లు — వీరిలో ఎవరి ముఖం మనకు తెలుసు? కొత్త ముఖం కనిపిస్తే ఆపి ప్రశ్నించాలన్న నియమంతో గస్తీ తిరగడం మరో ఊరిలో చెల్లుతుందేమో గానీ, కొత్త ముఖాల మీదే బతుకుతున్న తిరుపతిలో అది అతిథిని అవమానించడమే అవుతుంది.

మా వీధిలో జరిగింది కూడా అదే. తిరుత్తణి నుంచి వచ్చిన ఇద్దరు యువకులు, తమ కుటుంబం దిగిన ఇంటి గుర్తు మరిచిపోయి వీధులు వెతుక్కుంటుంటే, మా గస్తీ బృందం వారిని పట్టుకుని, సెల్‌ఫోన్లు లాక్కుని, తెల్లవారేదాకా సంఘం గదిలో కూర్చోబెట్టింది. వారి తల్లి వెతుక్కుంటూ వచ్చి ఏడ్చిన తరువాత గానీ వదలలేదు. క్షమాపణ చెప్పినవారు లేరు. బృందాన్ని స్థాపించిన పెద్దమనిషిని అడిగితే, అనుమానించడం తమ బాధ్యత అని జవాబిచ్చారు. పోలీసు స్టేషనుకు వెళ్లి అడిగితే, పిల్లలు సేవ చేస్తున్నారు, పెద్దవారు మీరెందుకు అడ్డుపడతారన్నారు. ఆ బృందంలో ఎవరెవరు ఉన్నారో, వారిపై పాత కేసులేమైనా ఉన్నాయో చూశారా అని అడిగితే, అలాంటి జాబితా ఏదీ తమ దగ్గర లేదన్నారు.

చట్టం ఈ విషయంలో అస్పష్టంగా ఏమీ లేదు. నేర విచారణ పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక సురక్షా సంహిత 40వ సెక్షన్ ప్రకారం, బెయిలుకు వీలులేని, వారెంటు అక్కరలేని నేరం తన కళ్లెదుట జరిగినప్పుడో, నేరస్థుడిగా కోర్టు ప్రకటించిన వ్యక్తి ఎదురైనప్పుడో మాత్రమే సామాన్య పౌరుడు ఒకరిని పట్టుకోవచ్చు. పట్టుకున్నాక అనవసరమైన ఆలస్యం లేకుండా, ఎంత ఆలస్యమైనా ఆరు గంటలలోపు పోలీసులకు అప్పగించాలి. అనుమానం వచ్చిందని ఆపడానికి గానీ, సెల్‌ఫోను లాక్కోవడానికి గానీ, గదిలో నిర్బంధించడానికి గానీ ఏ బృందానికీ అధికారం లేదు. 2018 వేసవిలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు దిగాయన్న వాట్సాప్ వదంతి నమ్మి, మన పొరుగున తిరువణ్ణామలై జిల్లాలో ఒక వృద్ధురాలిని జనం కొట్టి చంపారు. అదే ఏడాది జులైలో సుప్రీంకోర్టు, ఇటువంటి మూకదాడులను నివారించడానికి ప్రతి జిల్లాలోనూ ఎస్పీ హోదాకు తగ్గని నోడల్ అధికారి ఉండాలని ఆదేశించింది. మన జిల్లాలో ఆ అధికారి ఎవరో మా కాలనీలో చెప్పగలిగినవారు నాకు కనిపించలేదు.

న్యూయార్క్ దాకా వెళ్లిన మీ వ్యాసకర్త పక్క రాష్ట్రమైన తమిళనాడు వైపు కూడా చూసి ఉండవలసింది. 1993లో రామనాథపురం ఎస్పీగా ఉన్న ప్రదీప్ వి. ఫిలిప్ అనే ఐపీఎస్ అధికారి పోలీసులకు తోడ్పడే పౌరుల బృందంగా ‘ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్’ను మంచి ఉద్దేశంతోనే స్థాపించారు. 2020లో సాత్తాన్‌కుళంలో తండ్రీకొడుకులు పోలీసుల చిత్రహింసలకు బలైనప్పుడు ఆ పేరుతో తిరిగే వాలంటీర్లపైనా ఆరోపణలు వచ్చాయి. నిందితులు తమవారు కారని వ్యవస్థాపకుడు చెప్పినా, తమిళనాడు ప్రభుత్వం ఆ వ్యవస్థను నిషేధించింది. ఎవరు సభ్యులో ఎవరు కారో తేల్చిచెప్పే పద్ధతి గట్టిగా లేకపోతే, మంచి వ్యవస్థాపకుడి మంచితనం కూడా దళాన్ని కాపాడలేదు. ఆ మాటకొస్తే మన హోంగార్డుల వ్యవస్థ కూడా 1946లో బొంబాయిలో పౌరుల స్వచ్ఛంద దళంగానే పుట్టింది. నేడు వారు ట్రాఫిక్ కూడళ్లలోనూ, అధికారుల వాహనాలు నడపడంలోనూ కనిపిస్తున్నారే తప్ప, మా వీధిలో రాత్రి గస్తీకి వచ్చిన హోంగార్డును నేను చూడలేదు.

స్వచ్ఛంద సేవకు నేను వ్యతిరేకిని కాను. తిరుమలలో భక్తులకు సాయపడే వాలంటీర్ల వ్యవస్థగా 2000లో మొదలైన శ్రీవారి సేవ మన కళ్లెదుటే ఉంది. పేరు నమోదు చేసుకుని, గుర్తింపు తీసుకుని, ఎక్కడ ఏ పని చేయాలో చెప్పించుకుని చేస్తారు గనుక, కండువా వేసుకున్న సేవకుడిని చూస్తే భక్తుడికి ధైర్యం కలుగుతుంది. 2025 జనవరి 8న బైరాగిపట్టెడలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయిన రాత్రి ఈ నగరానికి కావలసింది, జనాన్ని క్రమంలో నిలబెట్టగల శిక్షణ పొందిన మనుషులు. అటువంటి శిక్షణ ఇస్తామంటే మా కాలనీ యువకులు పరుగెత్తుకుని వస్తారు. వారికి లాఠీ ఇచ్చి సందుల్లో తిప్పడం పోలీసుల పని తప్పించుకోవడం తప్ప మరొకటి కాదు. ఊరెళ్లేవారు సమాచారమిస్తే పోలీసులే వచ్చి కెమెరా పెట్టే ఎల్‌హెచ్‌ఎంఎస్ (తాళం వేసిన ఇళ్లపై నిఘా) సదుపాయం మన రాష్ట్రంలో ఉన్నా, దాని గురించి మా వీధికి వచ్చి చెప్పినవారు లేరు. మా సందులో వీధి దీపం వెలగక నెలలు గడుస్తున్నా, వార్డు సచివాలయంలో ఇచ్చిన అర్జీకి కదలిక లేదు. దీపం వెలిగించలేని యంత్రాంగం, చీకట్లో తిరిగే బాధ్యతను మాత్రం కుర్రవాళ్లకు ఉదారంగా అప్పగించింది.

కాబట్టి నేను కోరేది రెండే. స్లీవా కథలో వదిలేసిన భాగాన్ని అదే అనుబంధంలో, అదే స్థానంలో అచ్చువేయండి. నగరంలో ఎన్ని కాలనీలలో ఇటువంటి గస్తీ బృందాలు తిరుగుతున్నాయో, వాటిలో ఎన్నింటి సభ్యుల వివరాలు పోలీసుల దగ్గర నమోదై ఉన్నాయో, తప్పు జరిగితే జవాబు చెప్పవలసిన అధికారి ఎవరో పోలీసు శాఖను అడిగి ప్రచురించండి. ఆ జవాబు వచ్చేదాకా మా వీధిలో గస్తీని నిలిపివేయాలని కాలనీ సంఘానికి రాతపూర్వకంగా విజ్ఞప్తి చేశాను. కొర్లగుంట మొదలుకుని తిరుచానూరు రోడ్డు దాకా ఇటువంటి బృందాలున్న కాలనీలవారు కూడా తమ తమ సంఘాలకు అలాగే రాయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తిరుపతి