నానో మందు వచ్చేదాకా కాలు ఆగుతుందా?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో మానని పుండ్లకు ఆక్సిజన్ మోసుకెళ్లే నానో కణాల (కంటికి కనపడనంత బుల్లి రేణువుల) గురించి సగం పేజీ వేశారు. సోమవారం పొద్దున నేను షట్టరు పూర్తిగా ఎత్తకముందే ఒకాయన ఆ ముక్క కత్తిరించి జేబులో పెట్టుకుని వచ్చాడు. మడత విప్పి కౌంటరు మీద పరిచి, ‘అన్నా, ఇది రెండు ట్యూబులియ్యి’ అన్నాడు. సాయంత్రంలోగా ఇంకో ఇద్దరు వచ్చారు. అందులో ఒకామె గుడిపాల నుంచి బస్సెక్కి వచ్చింది, వాళ్లాయన అరికాలి పుండు కోసం.

నాది చిత్తూరు సంతపేటలో మందుల షాపు. పెట్టి ఇరవై రెండేళ్లయింది. వాళ్లకు నేను చెప్పింది ఒకటే, ఆ మందు నా దగ్గర లేదు, తిరుపతిలో లేదు, మద్రాసు పోయినా దొరకదు. ఆ ప్రయోగాలు చాలావరకు గాజు పళ్లెంలో పెంచిన జీవకణాల మీద, ఎలుకల మీద జరుగుతున్నవి. ఆ సంగతి మీరు రాయలేదని అనను, రాశారు, కానీ చివరి పేరాలో, చిన్న అక్షరాల్లో. పైన హెడ్డింగ్ మాత్రం ‘ఇక కాళ్లు తీయాల్సిన పనిలేదు’. షుగర్ పుండుతో ఆర్నెల్లుగా సతమతమయ్యేవాడు చివరి పేరా దాకా వెళ్తాడా చెప్పండి.

సైన్సు తప్పని కాదు నా బాధ. నిజానికి చదవడానికి బలే ఉంది. పుండు మానాలంటే ఆక్సిజన్ కావాలి. క్రిములను చంపే తెల్ల రక్తకణాలకు అదే ఆయుధం, కొత్త చర్మానికి పునాది వేసే కొలాజెన్ గట్టిపడాలన్నా అదే కావాలి. షుగర్ ముదిరిన కాలికి రక్తం సరిగా రాదు కాబట్టి ఆక్సిజనూ రాదు. పుండు చుట్టూ చర్మంలో ఆక్సిజన్ పీడనం 30 మిల్లీమీటర్ల పాదరసం కంటే తగ్గిందంటే మానడం కష్టమని డాక్టర్లు లెక్క వేస్తారు. అందుకే రోగిని మూసిన గదిలో కూర్చోబెట్టి, మామూలు గాలి కంటే రెండింతలు దాటిన ఒత్తిడిలో స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పించే వైద్యం ఉంది, రోజుకు గంటన్నర చొప్పున వారాల తరబడి. బంగారుపాళ్యం రైతు అన్ని రోజులు పని మానుకుని, ఊరొదిలి ఎక్కడికని పోతాడు?

ఈ నానో కణాల ఆలోచన దానికి ఉల్టా. గాలిని మనిషికి కాకుండా నేరుగా పుండుకే ఇద్దామని. రొయ్య పెంకుల నుంచి తీసే కైటోసాన్‌తోనో, సముద్రపు నాచు నుంచి వచ్చే ఆల్జినేట్‌తోనో, డెక్స్‌ట్రాన్ అనే చక్కెర జాతి పదార్థంతోనో కంటికి కనపడని బుడగ చేసి, లోపల ఆక్సిజన్‌ను బాగా కరిగించుకునే ఫ్లోరోకార్బన్ పెడతారు. జెల్‌లో కలిపి రాస్తే కొంచెం కొంచెంగా వదులుతుంది. గూడూరు, నెల్లూరు వైపు రొయ్యల చెరువుల దగ్గర గుట్టలుగా పారేసే పెంకులు మన కాలికి మందవుతాయంటే నాకూ సంతోషమే.

ఇంకో రకం ఉంది, అది మా షాపు వాళ్లకు ఇంకా సులభంగా అర్థమవుతుంది. కాల్షియం పెరాక్సైడ్ పొడిని నానో కణాల్లో దాస్తారు, తడి తగిలితే అది మెల్లగా హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా, తర్వాత ఆక్సిజన్‌గా మారుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ అంటే తెలియనిదేమీ కాదు, నేను రోజూ అమ్మే నురగ మందే. పుండు మీద పోయగానే తెల్లగా పొంగుతుంది, ‘చూడు, మురికంతా ఎట్లా పోతోందో’ అని జనం మురిసిపోతారు. ఆ పొంగు కూడా ఆక్సిజనే, కానీ నిమిషంలో గాల్లో కలిసిపోతుంది, పోతూ పోతూ అప్పుడే పుడుతున్న కొత్త జీవకణాలను కూడా కాల్చేస్తుంది. రోజూ పోస్తే పుండు మానడం ఇంకా ఆలస్యమవుతుంది. అదే సరుకును తగిన మోతాదులో, మెల్లగా, జీవకణాలకు హాని లేకుండా వదిలించడమే ల్యాబుల్లో పడుతున్న కష్టం. మీ వార్త చదివిన ఒకాయన ‘అయితే ఆక్సిజన్ కోసం నురగ మందే రోజుకు మూడుసార్లు పోస్తా’ అన్నప్పుడు నాకు టెన్షన్ పట్టుకుంది. ఇంకోమాట, ఇప్పుడు దొరికే నానో సిల్వర్ జెల్ వేరు, అది క్రిములను అదుపు చేసేది, ఆక్సిజన్ మోసేది కాదు. డబ్బా మీద నానో అని కనిపిస్తే చాలు రెండూ ఒకటే అనుకుంటున్నారు.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. మా మేనమామకు షుగర్ పదిహేనేళ్లుగా ఉంది. మూడేళ్ల కిందట మే నెలలో మొక్కు తీర్చుకోవాలని అలిపిరి నుంచి 3550 మెట్లూ వట్టి కాళ్లతో ఎక్కాడు. ‘అందరూ కాళ్లు కాలుతున్నాయని ఎగురుతున్నారు, నాకేం కాలేదురా’ అని దిగొచ్చాక గొప్పగా చెప్పాడు. కాలకపోవడం కాదు, తెలియలేదంతే. ఐదో రోజు మనవరాలు ఇంట్లో నేల మీద మరకలు చూసి ‘తాతా, నీ కాలు’ అంటే అప్పుడు తిప్పి చూసుకున్నాడు, బొటనవేలి కింద రూపాయి బిళ్లంత పుండు. నా దగ్గరికొచ్చాడు. చీటీ లేదు, ఏమీ లేదు, మామే కదా అని నెలన్నర ట్యూబు మీద ట్యూబు, మాత్ర మీద మాత్ర ఇచ్చాను. ఆయన పొద్దున రాసుకుని, గుడ్డ చుట్టుకుని, మామిడి తోటలోకి పోయేవాడు. చివరికి ఆసుపత్రికి తీసుకెళ్తే రెండు వేళ్లు తీసేశారు.

ఆ ఆసుపత్రిలో డాక్టరు మందు సంగతి తర్వాత అని, ముందు మోకాలి వెనకా చీలమండ దగ్గరా నాడి చూశాడు, తర్వాత సన్నటి నైలాన్ దారం అరికాలికి ఆనించి, అది వంగేదాకా నొక్కి ‘తెలుస్తోందా’ అని అడిగాడు. పది చోట్ల ఆనిస్తే మామకు మూడు చోట్లే తెలిసింది. ఆ తర్వాత చెప్పిన మాట, ‘ఈ కాలు నేల మీద మోపితే నేను ఏ మందిచ్చినా దండగ’. కాలికి బూటు లాగా కట్టు వేశారు. మిగిలిన పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. అన్ని నెలలూ తోటలోకి పోనివ్వకుండా ఆపడమే అత్తకు పెద్ద పనైపోయింది.

ఇదేమీ కొత్త విద్య కాదు. మన పక్కనే తమిళనాడు రాయవేలూరులో (వెల్లూరు), 1946లో అక్కడికొచ్చిన పాల్ బ్రాండ్ అనే డాక్టరు కుష్ఠు రోగులను చూసి తేల్చిన సంగతే. వేళ్లను రోగం తినేయడం లేదు, స్పర్శ లేక దెబ్బలు తగులుతున్నా తెలియక పోగొట్టుకుంటున్నారని. స్పర్శ పోయిన షుగర్ కాలికీ అదే వర్తిస్తుంది. కుష్ఠు రోగులకిచ్చే మెత్తటి ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులే ఇప్పుడు షుగర్ వాళ్లకూ రాస్తున్నారు. దేశంలో షుగర్ ఉన్నవాళ్లు పది కోట్ల పైమాటేనని 2023లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లెక్క వచ్చింది. ఇంతమందిలో ఎంతమందికి ఎవరైనా చెప్పులు విప్పించి కాలు చూశారు?

పుండు మీదే ఆక్సిజన్ పెట్టే వైద్యం పూర్తిగా కలేమీ కాదు, కాలికి సంచి లాంటిది తొడిగి లోపల ఒత్తిడితో ఆక్సిజన్ పంపే పద్ధతిని మనుషుల మీదే పరీక్షించి 2020లో ఫలితాలు వేశారు. పన్నెండు వారాల్లో ఆక్సిజన్ అందినవాళ్లలో నూటికి 41 మందికి పైగా మానితే, ఉత్తుత్తి పరికరం పెట్టినవాళ్లలో 13 మందికి మానింది. మంచి తేడానే. కానీ అక్కడ కూడా కాలి మీద బరువు పడకుండా చూడటం, చచ్చిన చర్మం తీసేయడం రెండు గుంపులకూ చేశారు. అంటే ఆక్సిజన్ ఆ పనులకు తోడే గానీ వాటికి బదులు కాదు. నానో కణాలు రేపు షాపులోకొచ్చినా ఇంతే. మోకాలి కింద రక్తనాళం పూడుకుపోయిన వాడికి పైన జెల్ రాసి ఏం లాభం?

అందుకని అధికారులకు మీ ద్వారా నా మనవి. ఊళ్లకొచ్చే 104 బండిలో బీపీ, షుగర్ చూసేటప్పుడే చెప్పులు విప్పించి కాలు కూడా చూడండి. ఆ నైలాన్ దారం ఖరీదైన వస్తువేమీ కాదు. అలిపిరి దగ్గర షుగర్ ఉన్న భక్తులకు, ముఖ్యంగా ఎండాకాలంలో, వట్టి కాళ్లతో ఎక్కకండని మైకులో ఒక్కమాట చెప్పించండి. మెత్తటి సాక్సు వేసుకుని ఎక్కితే స్వామికి కోపమేమీ రాదు. ఎంసీఆర్ చెప్పులు ప్రభుత్వాసుపత్రిలోనే ఇప్పిస్తే ఇంకా మంచిది.

మీకు మనవి ఇంకా చిన్నది. ఇలాంటి వార్త వేసినప్పుడు ఎలుకల దశలో ఉందా, మనుషుల దాకా వచ్చిందా, షాపులో దొరుకుతుందా అన్నది హెడ్డింగ్ కిందే పెద్ద అక్షరాల్లో వేయండి. గుడిపాల ఆమెకు నేను ట్యూబు ఇవ్వలేదు (మా ఆవిడ దృష్టిలో ఇది వ్యాపారం తెలియనితనం). వాళ్లాయన్ను రేపే రాయవేలూరు తీసుకెళ్లమని, అందాకా ఆ కాలు మోపనివ్వొద్దని చెప్పి పంపాను. పోతూ పోతూ ఆ పేపరు ముక్క వెనక ఫోన్ నంబరు రాసి నా కౌంటరు మీదే పెట్టి పోయింది, ‘వచ్చినప్పుడు చెప్పన్నా’ అని. ఆ ముక్క ఇంకా గల్లాపెట్టెలోనే ఉంది. ఆ మందు ఎంతవరకు వచ్చిందో మీరు మళ్లీ రాస్తే ఆమెకు ఫోన్ చేయాలి.

ఇట్లు,
మందుల షాపు యజమాని,
సంతపేట, చిత్తూరు