బావా, నీ కూతురికి ఆ మాట చెప్పలేకపోయాను

విశాఖపట్నం,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

నువ్వు అప్పగించిన పని చేయలేదు. ముందే చెప్పేస్తే ఒక గొడవ వదులుతుంది. "ఎంబీబీఎస్ తరువాత సర్జన్ కావొద్దని నాలుగు మాటలు చెప్పు, నీ మాటైతే వింటుంది" అన్నావు కదా ఫోనులో. చెబుదామనే కూర్చోబెట్టాను. మీ అమ్మాయి ఉప్మా తింటూ, "మామయ్యా, నాన్న మీకు ఏమి చెప్పమన్నారో నాకు తెలుసు. ముందు అది కానివ్వండి, తరువాత మాట్లాడుకుందాం" అంది. అచ్చం చెల్లెమ్మ పోలిక. నీ పోలిక అయితే ఉప్మా అయ్యేదాకా మాట్లాడేది కాదు.

సరే, నీ తరఫు వకాల్తా పుచ్చుకుని గట్టిగానే వాదించాను. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్ళు, హౌస్ సర్జన్ ఏడాది, సర్జరీలో పీజీ ఎమ్మెస్ మూడేళ్ళు, ఆ పైన సూపర్ స్పెషాలిటీ ఎంసీహెచ్ కూడా చేస్తానంటే ఇంకో మూడు. మొత్తం పదకొండున్నరేళ్ళు, అదీ మధ్యలో ఎక్కడా ఆగకపోతే. చర్మవ్యాధుల డాక్టరును అర్ధరాత్రి లేపేవాళ్ళు తక్కువ అన్నాను. మా పెద్దవాడి అక్షరాభ్యాసం రోజు నేను ఆపరేషన్ థియేటర్లో ఉంటే, నా బదులు మా తమ్ముడు వాడి చేయి పట్టి దిద్దించిన సంగతి చెప్పాను. నడుము నొప్పి చెప్పాను. చేతిలో పోయిన రోగుల సంగతీ దాచలేదు. బతికి వెళ్ళినవాళ్ళు జగదాంబ సెంటర్లో నమస్కారం పెడితే పోల్చుకోలేను కానీ, పోయినవాళ్ళు మంచం నంబరుతో సహా గుర్తున్నారని చెప్పాను.

అన్నీ విని, "మరి మీరు ఎందుకు మానలేదు?" అంది. నేను నీళ్ళు నమిలాను. అప్పుడు తన సంగతి చెప్పింది. సర్జరీ పోస్టింగులో ఇన్నాళ్ళుగా తాను చూసినవి ఆపరేషన్లు కావట, వీపులట. బల్ల చుట్టూ పెద్ద డాక్టర్లు, వాళ్ళ వెనక పీజీలు, వాళ్ళ వెనక హౌస్ సర్జన్లు, ఆ వెనక గోడకు ఆనుకుని వీళ్ళు. ఆకుపచ్చ గౌన్ల వీపులు చూసి చూసి సగం మంది సెల్‌ఫోనులో పీజీ ప్రవేశ పరీక్ష ప్రశ్నలు చదువుకుంటారట. ఈ కాలం పిల్లలు కష్టపడరు, అందుకే సర్జరీకి రారు అని మనం క్లబ్బులో కూర్చుని తీర్పులు చెబుతుంటాం చూడు, నాకు సిగ్గేసింది. కనపడని దాని మీద ఇష్టం ఎక్కడి నుంచి పుడుతుంది?

మనకు ఎలా పుట్టిందో గుర్తు చేసుకో. ఇక్కడి కింగ్ జార్జ్ ఆసుపత్రిలో, అదే మన కేజీహెచ్‌లో, ఆ వానాకాలం రాత్రి, పాడేరు వైపు నుంచి జీపులో తెచ్చిన మనిషి. పొట్ట బల్లలా బిగిసిపోయింది. నిలబెట్టి ఎక్స్‌రే తీస్తే కుడివైపు డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకూ మధ్య కండర పొర) కింద నెలవంకలా గాలి. పేగుకు పుండుపడి చిల్లు. నువ్వు కోతను తెరిచి ఉంచే రిట్రాక్టర్ పట్టుకున్నావు, నేను వెనక స్టూలు ఎక్కి మెడ సాచాను. చీఫ్ కడుపు కడిగించి, తన తల కాస్త పక్కకు జరిపి, "చూడండిరా" అన్నారు. ఆ తల పక్కకు జరపడమే, బావా, నా జీవితాన్ని ఇటు తిప్పింది. కందిగింజంత రంధ్రం! దాని మీదికి ఒమెంటం, అంటే పేగుల మీద కప్పి ఉండే కొవ్వు పొర, తెచ్చి నాలుగు కుట్లతో కట్టేశారు. చిరిగిన చొక్కాకు అమ్మ మాసిక వేసినట్టు. 1937లో గ్రాహం అనే కెనడా సర్జన్ రాసిన పద్ధతి అదేనని తరువాత చదువుకున్నాం. ఒమెంటాన్ని కడుపులో పోలీసు అంటారని చీఫ్ చెబితే, "ఎక్కడ గొడవ జరిగినా పోతుందా సార్, మన పోలీసుల్లా ఆలస్యంగానా" అని నువ్వు అడిగి తిట్లు తిన్నావు. పదో రోజున ఆ మనిషి తన కాళ్ళతో తాను నడుచుకుంటూ బీచ్ వైపు దిగిపోయాడు, సముద్రం చూసి వస్తానని. రిట్రాక్టర్ పట్టిన చేతులతో నువ్వు సర్జరీ వదిలి జనరల్ మెడిసిన్‌కు ఎందుకు పోయావో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అందుకని మాటలు కట్టిపెట్టాను. మర్నాడు లాపరోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి తెర మీద చూస్తూ, పిత్తాశయం తీసే కేసు ఉంటే, ఆసుపత్రివాళ్ళనూ రోగినీ అడిగి, తనను తెర ఎదురుగా నిలబెట్టాను. ఈ పద్ధతిలో ఒక సుఖం ఉంది: నేను చూసేదే గదిలో అందరూ చూస్తారు, వీపు అడ్డం రాదు. పిత్తాశయానికి వెళ్ళే నాళమూ రక్తనాళమూ విడివిడిగా తేలేదాకా నేను దేనికీ క్లిప్పు వేయలేదు. "ఇంకా ఎందుకు ఆగారు?" అని మూడుసార్లు అడిగింది. నాలుగోసారి అడగలేదు, అర్థమైంది.

సాయంత్రం డజను అరటిపళ్ళు, నల్ల సిల్కు దారం, కుట్టుసూది పట్టే నా పాత నీడిల్ హోల్డర్ ముందు పెట్టాను. తొక్క కోసి, లోపలి పండు నలగకుండా కుట్టాలి. నవ్వకు. సుశ్రుతుడు తన శిష్యులకు గుమ్మడికాయ, సొరకాయ, దోసకాయల మీద కోత నేర్పించాడు, గుడ్డల మీదా మెత్తని తోళ్ళ మీదా కుట్లు వేయించాడు. మనవాళ్ళు కూరగాయల బజారుతో మొదలుపెట్టిన విద్యను మనం గోడ పక్కకు తోసేశాం. మొదటి నాలుగు పళ్ళూ గుజ్జు. ఎనిమిదోది నాకంటే బాగా కుట్టిందని చెప్పను కానీ, పళ్ళెంలో పెట్టి మీ చెల్లెలికి చూపించాను.

ఇంకో సంగతి నీకు తెలియాలి. నేను మధ్యలో పనిచేసిన ఒక ఆసుపత్రిలో ఆడపిల్లలకు సరిపడే గ్లవ్సు ఉండేవి కావు. వాళ్ళ చేతికి ఆరు, ఆరున్నర సైజు కావాలి, అక్కడ ఉండేవి ఏడున్నర. వేళ్ళ చివర వదులుగా వేలాడే గ్లవ్సుతో ముడి జారితే, "అందుకే ఆడవాళ్ళకు ఇది కాదు" అనేవాడు ఒక పెద్దమనిషి. నేను అప్పుడు నోరు మెదపలేదు. మీ అమ్మాయికి ఆరున్నర సరిపోయింది.

నువ్వు లెక్కల మనిషివి కాబట్టి ఒక లెక్క. 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ తేల్చింది: అవసరమైనప్పుడు భద్రంగా, భరించగలిగే ఖర్చుతో ఆపరేషన్ అందని జనం ప్రపంచంలో 500 కోట్లు. ఏటా అదనంగా కావాల్సిన ఆపరేషన్లు 14 కోట్ల పైచిలుకు. మనకు ఆ అంకెలు ఎందుకు, ఆ రాత్రి జీపు ఘాట్‌రోడ్డులో చెడిపోయి ఉంటే ఏమయ్యేదో నీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇక నుంచి నెలకో ఆదివారం పదిమంది విద్యార్థులను ఇంటికి పిలుద్దామనుకుంటున్నాను. ఉపన్యాసం ఉండదు, అరటిపళ్ళు ఉంటాయి. అన్నీ చూసి మీ పిల్ల రేడియాలజీకే వెళ్తానంటే వెళ్ళనీ, ఆ నెలవంకను చూపించేవాళ్ళు లేకపోతే మేము గుడ్డివాళ్ళమే. కానీ వీపులు చూసి విసిగి మాత్రం వెళ్ళకూడదు.

నీడిల్ హోల్డర్ తన సంచిలో పెట్టాను, తిరిగి పంపనక్కర్లేదు. రేపు మధ్యాహ్నం రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌ ఎక్కిస్తాను. ఇంట్లో కుర్చీ కోళ్ళకు తను సాధన కోసం వేసిన నల్లదారం ముడులు కనిపిస్తే విప్పకు. ఎడమచేత్తో వేసినవి ఎన్ని జారాయో మాత్రం లాగి చూసి నాకు రాయి.

నీ
బావ